ఆమె పేరుతో వెతికితే ఆమె దొరకదు

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ తాతమ్మకి పెళ్లి కాకుండానే బిడ్డ పుట్టిందనీ, 1910 ప్రాంతంలో ఏదో కోర్టు గొడవ జరిగిందనీ, ఇంట్లో అంతకుమించి ఎవరూ చెప్పరనీ రాశావు. ఆర్నెల్లుగా ఆవిడ పేరు పట్టుకుని తిరుగుతున్నా ఏమీ దొరకలేదని టెన్షన్ పడుతున్నావు. దొరకదమ్మా. జిల్లా కోర్టు రికార్డు గదిలో ముప్పై ఏళ్లు దుమ్ము తిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, అలాంటి ఆడవాళ్ల పేరు కాగితంలో మూడు రకాలుగా ఉంటుంది, ఇంటిపేరు అసలే ఉండదు. ఆవిడ చుట్టూ ఉన్న మగవాళ్ల పేర్లు మాత్రం తండ్రి పేరుతో, ఊరితో సహా శుభ్రంగా ఉంటాయి. వాళ్లని పట్టుకో.

దానికంటే ముందు జిల్లా సరిచూసుకో. మీది భీమవరం వైపు ఊరు కదా, నువ్వేమో గోదావరి జిల్లా రిజిస్టర్లు తిరగేస్తున్నావు. 1904లో ఆ తాలూకాలని కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ 1925లో పశ్చిమ గోదావరి అని విడదీశారు. అంటే 1910 నాటి కేసుని కృష్ణా జిల్లా కింద చూడాలి. కేసు హైకోర్టు దాకా వెళ్లి ఉంటే ఆ కాగితాలు మద్రాసువి, ఎందుకంటే 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వచ్చేదాకా మనకి పెద్ద కోర్టు అదే.

ఇక ఏ కేసు అన్నది. మీ ఇంట్లో గుసగుసలు వినగానే నువ్వు హత్య, భ్రూణహత్య అని ఊహించేసుకున్నావు. అవీ ఉంటాయి, కాదనను. అప్పటి శిక్షాస్మృతిలో 312 గర్భస్రావం, 317 పసిబిడ్డని వదిలేయడం, 318 చనిపోయిన బిడ్డని రహస్యంగా పాతిపెట్టి పుట్టుక దాచడం. కానీ మీ తాతయ్య బతికి బట్టకట్టాడు కాబట్టే కదా నువ్వున్నావు. కాబట్టి నా అనుమానం మనోవర్తి కేసు మీద. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488 సెక్షన్ ప్రకారం పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకి కూడా తండ్రి తిండి పెట్టాల్సి ఉండేది, నెలకి గరిష్ఠంగా యాభై రూపాయలు, 1923లో దాన్ని వంద చేశారు. తమాషా ఏంటంటే బిడ్డకే ఇచ్చేవారు. తల్లి పెళ్లాం కాదు కాబట్టి తనకంటూ దమ్మిడీ అడిగే హక్కు ఉండేది కాదు. అందుకే హత్యల్లాంటి పెద్ద నేరాలు విచారించే సెషన్స్ కోర్టు కాగితాలు పక్కన పెట్టి మేజిస్ట్రేటు కోర్టు కేసుల రిజిస్టరు చూడు, అదీ ప్రతివాది పేరుతో, అంటే ఆ బిడ్డ తండ్రి పేరుతో.

ఆ కాగితాలు మిగిలి ఉంటే నీ అదృష్టం. పాత రికార్డులు ధ్వంసం చేయడానికి 1917లో ఒక చట్టమే వచ్చింది, చిన్న కేసుల కట్టలు ముందు పోతాయి, రిజిస్టర్లు ఎక్కువ కాలం ఉంటాయి. అయితే మనోవర్తి కేసులో ఒక సుగుణం ఉంది, అది ఒకసారితో అయిపోదు. వాడు డబ్బు ఎగ్గొడతాడు, ఆవిడ బాకీ అర్జీ పెడుతుంది, వారంటు వెళుతుంది, మళ్లీ ఎగ్గొడతాడు. ప్రతి అర్జీలో ఆవిడ అప్పటికి ఏ ఊళ్లో ఉందో, ఏం చేసి బతుకుతోందో ఉంటుంది. నేనొకసారి ఇలా ఒకావిణ్ణి కాగితాల్లో తొమ్మిదేళ్ల పాటు, మూడు ఊళ్ల గుండా అనుసరించాను.

ఆ కట్టలోనే చూశా, తండ్రెవరో రుజువు చేయడానికి ఇప్పటిలా పరీక్షలేం లేవుగా, ఊరే సాక్ష్యం. మంత్రసానికి డబ్బులు ఎవరిచ్చారు అని అడిగారు. బాలింతకి కాయం సరుకులు ఎవరు కొన్నారు అని అడిగారు. కొట్టు శెట్టిగారు చిట్టా తెచ్చి చూపించాడు, శొంఠి, పిప్పళ్లు, బెల్లం, పక్కన ఆ పెద్దమనిషి పద్దు. ఆ ఒక్క పద్దుతో కేసు నిలబడింది. కింద ఆవిడ సంతకం చోట నిశానీ, సిరా కొంచెం అలుక్కుపోయి.

సాక్ష్యం తెలుగులో చెబితే తీర్పు ఇంగ్లీషులో రాస్తారు, ఈ రెంటికీ మధ్య చాలా జారిపోతుంది. నేనే ఒక తీర్పులో వితంతువు అని చదివి రెండు నెలలు చనిపోయిన మొగుడి కోసం వెతికాను. తెలుగు వాంగ్మూలం దొరికాక చూస్తే 'మొగుడు వదిలేసిన మనిషి' అని ఉంది. కాబట్టి రెండూ దొరికితే రెండూ చదువు. ఇంకోటి, నడత మంచిది కాదు, నలుగురితో తిరిగేది అని కనిపిస్తే గుండె జారిపోకు. అవతలి ప్లీడరు ప్రతి కేసులోనూ వేసే మొదటి పాట అదే. అది ఎవరు అన్నారో, ఏ ప్రశ్నకి జవాబుగా అన్నారో చూసుకుని పక్కన పెట్టు.

అక్కడా ఏమీ లేకపోతే పాతికేళ్ల తర్వాతి కాగితాలకి వెళ్లి సివిల్ కోర్టు వైపు తిరుగు. ఆ రోజుల హిందూ న్యాయం ప్రకారం శూద్ర కులాల్లో, అదీ ఒక్కడి దగ్గరే నిలకడగా ఉన్న ఆడమనిషికి పుట్టినవాడైతే, కొడుక్కి తండ్రి ఆస్తిలో వాటా ఉంటుంది, పై కులాల్లో అయితే పోషణే. మీ తాతయ్య పెద్దయ్యాక దావా వేసి ఉంటే అందులో తల్లి బతుకంతా సాక్షుల నోట వస్తుంది, ఎవరింట్లో ఉండేది, ఎన్నేళ్లు ఉంది, పండక్కి చీర ఎవరు పెట్టేవాళ్లు, అన్నీ. కోర్టు 'దాసీపుత్రుడు' అనే మాట వాడుతుంది, చదివి బాధపడకు.

రికార్డు గదికి వెళ్లేముందు ఊరు, అప్పటి తాలూకా, ఆ మనిషి ఇంటిపేరు ఒక కాగితం మీద రాసి నాకు పంపు, నకలు అర్జీ నేను రాసిపెడతాను. ఆ ఇంటిపేరు దగ్గరే మీవాళ్లు నోరు విప్పరు, నాకు తెలుసు. మీ పెద్దత్తయ్యని అడుగు. హాల్లో అందరిముందూ వద్దు, వంటింట్లో ఆవిడ చేతిలో పని ఉన్నప్పుడు అడుగు.

ఇట్లు,
బాబాయి