గోల్కొండ వ్యాసం పంపిన చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కాకతీయుల నాటి మట్టికోటతో మొదలుపెట్టి, 1518లో సుల్తాన్ కులీ స్వతంత్రుడు కావడం, 1687లో ఔరంగజేబు కోటను పట్టుకోవడం వరకు సంవత్సరాలన్నీ సక్రమంగానే ఉన్నాయి గానీ, నువ్వు ఆ మెట్లెక్కి ఆయాసపడ్డావన్న నమ్మకం మాత్రం నాకు ఎక్కడా కలగలేదు. ప్రవేశద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన గుట్ట కొనమీది బాలాహిస్సార్ మండపంలో వినిపిస్తుందని ఒక్క వాక్యం రాసి, మరుక్షణంలో తర్వాతి సుల్తాను దగ్గరికి వెళ్లిపోయావు. ఆ చప్పుడు విన్నది నువ్వేనా, గైడు చెప్పగా రాశావా?

నేనైతే ఆ కోటలో నీళ్ల వెంట నడుస్తాను. నాలుగు వందల అడుగుల నల్లరాతి గుట్ట మీద, అంతఃపురాలకూ తోటలకూ నీళ్లెలా అందాయన్న ప్రశ్న పట్టుకుంటే చరిత్ర దానంతటదే విప్పుకుంటుంది. దుర్గం చెరువు నుంచి వచ్చిన నీటిని చక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి, అక్కడి నుంచి ఇంకా పైకి, అంచెలంచెలుగా ఎక్కించి, గోడల్లో పొదిగిన మట్టి గొట్టాల ద్వారా పంచారు. పెచ్చులూడిన చోట ఆ గొట్టాల గుండ్రటి నోళ్లు ఈనాటికీ కనిపిస్తాయి. ఒకదాని ముందు ఆగి, పిడికిలి పడుతుందో లేదో చూసి రాయి. అప్పుడు, ఎనిమిది నెలల ముట్టడిలో వానకూ కరువుకూ బయట మొగలు సేన అల్లాడుతుంటే లోపలి వాళ్లు ఎలా నిలబడ్డారో పాఠకుడికి విడిగా చెప్పే పని ఉండదు. చివరికి లంచం తిన్న లోపలి మనిషే తలుపు తెరిచాడన్న సంగతీ అప్పుడే గుండెకు తగులుతుంది.

రామదాసు బందిఖానా విషయంలో ఇంకాస్త జాగ్రత్త. ప్రభుత్వ ధనంతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు కంచెర్ల గోపన్నను తానీషా ఖైదు చేయించాడు. అక్కడి గోడమీది బొమ్మలు ఆయనే చెక్కాడని జనం చెప్పుకుంటారు. నీ వయసులో నేను ఆ "చెప్పుకుంటారు" అన్న మాట వదిలేసి, ఆయన చెక్కుతుండగా పక్కన నిలబడి చూసినట్టు రాశాను. "తమరు అప్పుడు ఏ కొట్లో ఉన్నారండీ?" అని ఒక పెద్దాయన కార్డు ముక్క రాశారు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. జనం నమ్మకమూ చరిత్రే, కాదనను; అయితే దాన్ని నమ్మకంగానే రాయాలి.

మొదటి రెండు పేరాలూ కొట్టేయ్. సెలవు రోజు కాకుండా మామూలు రోజున, ఎండ ముదరకముందే మళ్లీ వెళ్లు. కింద చప్పట్లు కొట్టడానికి ఒక మిత్రుణ్ణి నిలబెట్టి, నువ్వు మాత్రం బాలాహిస్సార్‌లో కూర్చో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి