ఇంట్లో కూడా ఆడిట్ చేస్తే ఎలాగండీ?

ప్రశ్న: పర్యావరణం మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. ఫొటోగ్రఫీ, ట్రెక్కింగ్, గిటారు, కుట్టుపని అన్నీ ఇష్టమే. ఈమధ్య ఏది కొన్నా, ఎక్కడికి వెళ్లినా తప్పు చేసినట్టుంటోంది. ట్రెక్కింగ్‌కి విమానంలో వెళ్లొస్తే తోటి ఉద్యోగి "నువ్వే ఇలా చేస్తే ఎలా?" అంది. మావారు షవర్ కింద కాస్త ఎక్కువసేపున్నా, ఆన్‌లైన్‌లో ఏదైనా తెప్పించినా గొడవే. "నీతో ఉంటే రోజూ పరీక్ష రాస్తున్నట్టుంది" అంటున్నారు. నా సరదాలన్నీ మానేయాలా?

జవాబు: వద్దు, మానేయకండి. రోజంతా కాలుష్యం లెక్కలు చూసే మనిషికి సాయంత్రం గిటారు కూడా లేకపోతే ఆ ఉద్యోగంలో ఎన్నాళ్లు నిలబడతారు?

అయితే మీ సరదాలన్నీ ఒకే బరువున్నవి కావు. ఆ సహోద్యోగి అన్న తీరు బాగాలేదు గానీ విషయంలో కొంత నిజముంది, ఏడాదంతా లైట్లు ఆర్పి మిగిల్చింది ఒక్క దూరపు విమాన ప్రయాణంలో పోతుంది. కాబట్టి రైల్లో చేరగలిగే కొండలు వెతుక్కోండి, విమానం తప్పని చోటికి ఎప్పుడో ఒకసారి వెళ్లి ఎక్కువ రోజులుండి రండి. గిటారు దశాబ్దాలు వస్తుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. ఉన్న కెమెరా పాడయ్యేదాకా వాడండి, కొత్త లెన్స్ మీద మనసైతే ముందు అద్దెకు తెచ్చుకుని చూడండి, సగం మోజు అక్కడే తీరిపోతుంది. కుట్టుపని సంగతి చెప్పేదేముంది, చిరిగినవి బాగుచేసుకుంటుంటే కొత్తవి కొనడమే తగ్గుతుంది. అన్నట్టు, మీటింగుల్లో ఇచ్చిన గుడ్డ సంచులు మీ ఇంట్లో గుట్టగా పడి ఉంటాయని నా అనుమానం! భూమి వేడెక్కడం లెక్కలో చూస్తే, ఒక్కసారి వాడి పడేసే పల్చటి ప్లాస్టిక్ కవరు కంటే గుడ్డ సంచి నయమనిపించుకోవాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలని బ్రిటన్ పర్యావరణ ఏజెన్సీ 2011లో లెక్కగట్టింది. ఇంకోటి ఇస్తే వద్దనండి.

ఇంకో మాట. ఎవరి కార్బన్ ఫుట్‌ప్రింట్ (అంటే తమ వాడకం వల్ల గాల్లో కలిసే, భూమిని వేడెక్కించే వాయువుల మొత్తం) వాళ్లే లెక్కేసుకోవాలనే ఆలోచనను 2000ల్లో జనంలోకి బాగా తీసుకెళ్లినవాటిలో బీపీ అనే చమురు కంపెనీ ప్రకటనలున్నాయి. అందుకని ఆ లెక్క వృథా అనను, కానీ లోకం బరువంతా మీ ఒక్కరి నెత్తిన పెట్టుకోవద్దు. విడివిడిగా ఎవరింట్లో వాళ్లు జాగ్రత్తపడితే సరిపోదనే కదా మీలాంటి సంస్థలు పుట్టింది.

నాకు అసలు భయం మీవారి మాట గురించే. ఆయన ఆ ఉద్యోగంలో చేరలేదు, మిమ్మల్ని పెళ్లి చేసుకున్నారంతే. స్నానాల గదిదాకా వెళ్లి తప్పులు పడితే ఎంత మంచివాడైనా విసుగెత్తి, మిమ్మల్ని ఉడికించడానికే ఇంకో ఆర్డర్ పెడతాడు. ముందు ఒక నెల ఆయన్ని ఏమీ అనకుండా ఉండి చూడండి. తర్వాత తీరిగ్గా కూర్చుని, ఇంటికి సంబంధించి రెండే రెండు విషయాలు, ఉదాహరణకు ప్రయాణాలూ ఏసీ వాడకమూ, ఇద్దరికీ కుదిరేలా మాట్లాడుకోండి. మిగతావి ఆయనిష్టం. నిజంగా ఆయనిష్టం, మొహం మాడ్చుకోకుండా.

ఆఫీసు టెన్షన్ షవర్ మీద చూపిస్తున్నారేమో కూడా ఒకసారి ఆలోచించుకోండి. నిధులు రాకపోవడం, చేసిన పనికి ఫలితం కనబడకపోవడం మీ రంగంలో మామూలే, ఆ చికాకు ఎక్కడో ఒకచోట బయటికొస్తుంది. ఇవన్నీ చేశాక కూడా నిద్ర పట్టకపోయినా, ఏ చిన్న వస్తువు కొన్నా రోజంతా అదే మెదులుతున్నా సైకాలజిస్టును నేరుగా కలవండి, వాయిదా వేయకండి.