బియ్యానికి కట్టిన వడ్డీ

తమ్ముడూ, నువ్వడిగింది ఒక్క ముక్క. "మళ్ళీ ఏదో వైరస్ అంటున్నారు, రూమ్‌లో ముగ్గురం ఉన్నాం, మూడు నెలల సామాను ఒకేసారి తెచ్చి పడేద్దామా అన్నా?" అని. వద్దు. నా జవాబు అంతే. కానీ వద్దంటే నీ వయసులో ఎవరూ వినరు. నేనూ వినలేదు. అందుకే నా సంగతి కొంచెం చెప్పాలి.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాని మహమ్మారి అని ప్రకటించింది. నేను ఈ దేశం వచ్చి అప్పటికి ఏడు నెలలు. ఆ శనివారం పొద్దున్నే ముగ్గురం కలిసి షాపుకెళ్ళాం. ఒకడు వెళ్తే సరిపోయే పని అని అప్పుడు తట్టలేదు. లోపల ఎవరి చూపు చూసినా పక్కవాడి బండి మీదే. వాడు రెండు తీసుకుంటే మనం నాలుగు. చేతిలో లిస్టు లేదు, ఇంట్లో ఏముందో చూసుకుని వచ్చిందీ లేదు. 20 కిలోల బియ్యం సంచులు నాలుగు, పప్పు 12 కిలోలు, నూనె 10 లీటర్లు, టాయిలెట్ పేపరు దొరికినంత. బిల్లు మొత్తం నా క్రెడిట్ కార్డు మీద పడింది. ముగ్గురిలో కార్డు వచ్చింది నాకొక్కడికే మరి, ఆ గొప్ప కూడా కాస్త ఉండేది. మీ వాటా నెమ్మదిగా ఇవ్వండ్రా అన్నాను.

తర్వాతెప్పుడో కాగితం మీద లెక్క వేశాను. మనిషికి రోజుకి పావుకిలో చొప్పున ముగ్గురికి రెండు వారాలకి పదిన్నర కిలోల బియ్యం చాలు. మేము తెచ్చింది 80 కిలోలు. అంటే 106 రోజుల తిండి. అదీ మూడు పూటలా ఇంట్లోనే వండుకుంటే. ఈ లెక్కకి నిమిషం పట్టదు, కానీ షాపులో ఆ నిమిషం ఎవడికీ ఉండదు. అందుకే లెక్క ఇంట్లోనే వేసుకో. వారం రోజులు ఏది ఎన్ని గ్లాసులు వండుతున్నారో రాసి పెట్టు, దాన్ని రెండుతో హెచ్చవేయి, ఇంట్లో ఉన్నది తీసెయ్యి. మిగిలిందే నీ లిస్టు.

ఆ నాలుగు సంచులూ ఎక్కడ పెట్టాలి? అద్దె గదిలో స్టోర్ రూమ్ ఎక్కడిది! రెండు మంచం కింద, రెండు గదిని వెచ్చబెట్టే హీటర్ పక్కన. బియ్యానికి వెచ్చదనం పనికిరాదని మా ముగ్గురు ఇంజనీర్లకీ తెలియదు. జూలైలో మూడో సంచి విప్పితే గ్లాసు అంచు మీద సన్నటి ముక్కున్న ముదురు గోధుమరంగు పురుగొకటి తీరిగ్గా నడుస్తోంది. చెయ్యి పెట్టి తీస్తే అరచేతికి తెల్లటి పొడి, సూదితో పొడిచినట్టు చిల్లులు పడ్డ గింజలు. ముక్కు పురుగు గుడ్డు గింజ లోపలే పెడుతుంది, అందుకని కొన్నప్పుడు పైకేమీ కనబడదు. చేట లేదు కాబట్టి ఓవెన్ ట్రేలో పోసి బాల్కనీలో చెరిగాను. పక్కింటావిడ కిటికీలోంచి అలా చూస్తూనే ఉంది. అదంతా అయ్యాక నాలుగో సంచి విప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడైతే బియ్యం, పిండి తేగానే కొంచెం కొంచెంగా నాలుగేసి రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, ఆపైన బిగుతు మూత డబ్బాల్లోకి మారుస్తాను. మైనస్ 18 డిగ్రీల్లో గుడ్లు కూడా చస్తాయి. గోధుమపిండి, దంపుడు బియ్యం లాంటివి ఎలాగూ ఎక్కువ కొనకు, వాటిలోని నూనె వల్ల తొందరగా ముక్కిపోతాయి.

ఇంత మోసుకొచ్చిన ఇంట్లో ఏం లేదో తెలుసా? థర్మామీటర్. ఏప్రిల్లో రూమ్మేట్‌కి జ్వరమొచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం తప్ప ఇంకో దారి లేదు. షాపుల్లో అప్పటికి థర్మామీటర్లూ లేవు, జ్వరం మాత్రలూ లేవు. రెండ్రోజులు రాత్రిళ్ళు నిద్రపోలేదు. అదృష్టం, వాడికి తగ్గిపోయింది. కాబట్టి లిస్టులో మొదటి వరస ఇలా పెట్టు: థర్మామీటర్, జ్వరం మాత్రలు, రోజూ వాడే మందులుంటే అవి, సబ్బు. బియ్యం ఆ తర్వాత.

శుభ్రం పేరుతో కూడా బోలెడు వేషాలు వేశాం. కూరగాయలు గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే వారం రోజులు కూరలో సబ్బు వాసన. కాయ సబ్బుని పీల్చుకుంటుంది, మామూలు నీళ్ళు చాలని తర్వాత తెలిసింది. ఇంకో రోజు రెండోవాడు బాత్రూమ్ మెరిపిద్దామని బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్ కలిపాడు. గొంతు మండి, కళ్ళు నీళ్ళు కారి ముగ్గురం బయటికి పరిగెత్తాం. బ్లీచ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అమ్మోనియా ఉన్నది కలిసినా విషవాయువే. బ్లీచ్‌ని నీళ్ళలో తప్ప దేంట్లోనూ కలపకు. మిగతా రూల్స్ నువ్వున్న చోట ఆరోగ్య శాఖ వాళ్ళు పెడతారు, చూసుకో. కరోనా ఎక్కువగా మనిషి నుంచి మనిషికి గాలిలోనే అంటుకుంది, ప్యాకెట్ల మీద నుంచి వచ్చే ప్రమాదం చాలా తక్కువని తేలింది. కాబట్టి అలాంటిదే వస్తే ప్యాకెట్లు తుడుస్తూ కూర్చోకుండా, రద్దీ లేని వేళ ఒక్కడే మాస్కుతో వెళ్ళి, త్వరగా బయటపడి, ఇంటికి రాగానే 20 సెకన్లు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. శానిటైజర్ అయితే కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్నది చూసుకో.

ఇక అసలు సంగతి, డబ్బు. నాకు వైరస్ కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. ఏప్రిల్ మొదటి వారంలో నా పార్ట్ టైమ్ పని ఆగిపోయింది. చేతిలో డబ్బు ఉండాల్సింది అప్పుడు! నా డబ్బేమో మంచం కింద సంచుల్లో ఉంది. డబ్బు పెట్టి బియ్యం కొనొచ్చు గానీ, బియ్యం ఇస్తే ఇంటి ఓనరు అద్దె కింద తీసుకోడుగా. కార్డు బిల్లు వచ్చింది. మినిమం కడితే చాలని రాసి ఉంటే, సరే అని అదే కట్టాను. మిగిలిన బాకీ మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుందని రెండో బిల్లు చూశాక గానీ బుర్రకెక్కలేదు. రూమ్మేట్ల దగ్గరా డబ్బుల్లేవు, వాళ్ళ వాటా అడగటానికి మొహమాటం. విమానాలు ఆగిపోయాయి, ఇంటికెళ్ళే దారి లేదు. నాన్నకి రోజూ ఫోన్ చేసేవాణ్ణి, "డబ్బులున్నాయా" అంటే "ఉన్నాయి నాన్నా" అనేవాణ్ణి. పురుగు పట్టిన బియ్యం బయట పారేసిన తర్వాత కూడా ఆ బియ్యానికి ఆరు నెలలు వడ్డీ కట్టాను. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండానే బయటపడ్డాను, అది వేరే విషయం. మీ తరానికి ఆ ఓపిక ఉందో లేదో నాకు తెలియదు.

అందుకని, ముందు రెండు నెలల అద్దె, ఫోన్ బిల్లు పక్కన పెట్టు. దాన్ని ముట్టుకోకు. మిగిలిన దాంట్లోంచి రెండు వారాల సామాను, అదీ ఒకేసారి కాదు, వారం వారం కొనేదానికి ఒకటో రెండో అదనంగా వేసుకుంటూ. షాపులు ఖాళీ అయిన మాట నిజమే గానీ మళ్ళీ నిండాయి కూడా. మేము ఎగబడి కొన్న టాయిలెట్ పేపరు కొన్ని వారాలకే షాపులో మామూలుగా దొరికింది. మా ఇంట్లో మాత్రం మరుసటి ఏడాది దాకా సోఫా వెనక గోడలా ఉండేది. ఖర్చు ముగ్గురూ ఆ రోజే పంచుకోండి, ఒకడి కార్డు మీద వేయొద్దు. ఆ ఒక్కడు నువ్వే అవుతావు, నీ మాట తీరు చూస్తే తెలుస్తోంది.

అన్నట్టు, మీవాళ్ళు నిన్ననే రెండు సంచులు తెచ్చేశారన్నావు. విప్పనిది ఉంటే రసీదు తీసుకుని రేపే వెళ్ళి వాపసు అడుగు. భయం ముదిరాక తిండి సామాను వెనక్కి తీసుకోరు. మేము మేలో నాలుగో సంచి మోసుకుని వెళ్తే కౌంటర్లో అబ్బాయి రసీదు కూడా చూడలేదు. తల అడ్డంగా ఊపి, దూరంగా నిలబడమని నేల మీద గీత చూపించాడు.