ఇద్దరే ఉన్న క్లాసుకి ఇయర్‌బుక్కా?

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. పాపకి 11 ఏళ్ళు, బాబుకి 8. మూడేళ్ళుగా ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాను. ఈమధ్య మా ఆడపడుచు కూతురు తన స్కూలు ఇయర్‌బుక్ (ఏడాది ఫొటోలు, జ్ఞాపకాలతో వేసే పుస్తకం) తెచ్చి చూపించింది. మా పాప దాన్ని చాలాసేపు తిరగేసి, రాత్రి పడుకునేముందు "మరి నాది?" అంది. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే మొదలుపెట్టాను. పూర్తయిన సిలబస్, చదివిన పుస్తకాల లిస్టు, ప్రాజెక్టుల ఫొటోలు, అన్నీ మూడేళ్ళవీ కలిపి వేద్దామనుకున్నాను. పాప రాసుకున్నవి తప్పులు దిద్ది ఫెయిర్ చేయమంటే మూతి ముడుచుకుంది. ఇప్పుడు ఫొటో తీస్తానన్నా మొహం తిప్పేసుకుంటోంది. బాబు చదవడం, రాయడం కాస్త నెమ్మది. వాడి పేజీల్లో పెట్టడానికి ఏమీ దొరకడం లేదు. మా వారేమో "ఇద్దరే ఉన్న క్లాసుకి ఇయర్‌బుక్కా?" అని నవ్వేశారు. ఇది చూశాకైనా మా అత్తగారు పిల్లల చదువు గురించి దెప్పడం మానేస్తారని నా ఆశ. రెండు నెలలుగా రాత్రిళ్ళు ఇదే పని. టెన్షన్ తప్ప పుస్తకం తయారవలేదు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: తప్పేం కాదమ్మా. కాకపోతే మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒకటి తట్టింది. "మరి నాది?" అని అడిగింది పాప. మీరు తయారుచేస్తున్నది మాత్రం మీ అత్తగారి కోసం. సిలబస్ ఎంతయిందో 11 ఏళ్ళ పిల్లకి ఎందుకు చెప్పండి? తనకి తెలియనిదా?

ఆ రోజు పాప ఏ పేజీల దగ్గర ఎక్కువసేపు ఆగిందో గమనించారా? ప్రిన్సిపాల్ సందేశం దగ్గర మాత్రం ఆగి ఉండదు. స్కూలు ఇయర్‌బుక్కుల్లో పిల్లలు పదే పదే తీసి చూసుకునేది వెనకాల ఖాళీ పేజీలు. అక్కడ రంగురంగుల పెన్నులతో, అడ్డదిడ్డంగా, ఒకరి మీద ఒకరు రాసేసుకుంటారు. "నన్ను మర్చిపోకు" అని రాసి కింద ఓ పిచ్చిబొమ్మ గీస్తారు. మీ పాపకి కావలసింది అదేనేమో. నా ఊహ తప్పు కావచ్చు, తననే అడగండి. "నీకూ అలాంటి పుస్తకం కావాలా?" అంటే "ఊఁ" అని ఊరుకుంటుంది. "అందులో ఏ పేజీ బాగుంది?" అని అడిగితే మాట కదులుతుంది.

చదువు జరుగుతోందని చూపించే కాగితాలు అక్కర్లేదని కాదు. హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్ళు పిల్లల పని నమూనాలు దాచి చూపించాలనే రూలు కొన్నిచోట్ల ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో అయితే ఏటా ఆ ఫైలు తయారుచేసి ఒక మూల్యాంకనకర్తకి చూపించాలి. మీరున్నచోట రూలేమిటో చూసుకోండి. రూలు లేకపోయినా ఒక ఫైలు పెట్టుకోండి. లిస్టులు, వర్క్‌షీట్లు, తేదీలు అన్నీ దాంట్లోకి పోతాయి. రెండు నెలల మీ శ్రమ వృథా కాలేదు, ఆ ఫైలు దాదాపు పూర్తయినట్టే. ఇక దాన్ని బీరువాలో పెట్టేసి పాప పుస్తకం సంగతి చూడండి.

ఫెయిర్ చేయమన్నప్పుడు పాప ఎందుకు మూతి ముడుచుకుందో కూడా ఆలోచించాలి. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లల్లో 'ఇది నాకు చేతనవుతుంది' అన్న నమ్మకం కుదరాలని, అది కుదరకపోతే 'నేను ఎందుకూ పనికిరాను' అన్న భావం చోటు చేసుకుంటుందని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లోనే చెప్పాడు. స్కూలుకెళ్ళే పిల్లకి టీచరు దిద్దుతుంది, అమ్మ ముద్దు చేస్తుంది. మీ ఇంట్లో రెండూ మీరే. పొద్దున్న దిద్దిన చెయ్యే సాయంత్రం జ్ఞాపకాల పుస్తకంలోనూ దిద్దుతుంటే పాప ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఆ ఫెయిర్ కాపీలు పక్కన పడేసి, దిద్దకముందు కాగితాలు ఉంటే వెతకండి. వొత్తు మర్చిపోయిన ఆ అక్షరాలు వచ్చే ఏడాదికి ఉండవు, అప్పుడు మీరే వాటి కోసం వెతుక్కుంటారు. ఒక్కమాట "నీది దిద్దకుండా ఉండాల్సింది" అని తనతో అనండి. సారీ చెప్పడానికి పెద్ద సీను అక్కర్లేదు.

ఫొటోల విషయంలో నిర్ణయం పాపకే వదిలేయండి. నచ్చని ఫొటో తీసేయమంటే మారు మాట్లాడకుండా తీసేయండి. మొహమే పడాలని ఏముంది? కిటికీ పక్కన చదువుకుంటుంటే వెనకనుంచి తీసింది, రంగులంటిన చేతులు, తను కూర్చునే చోటు, అరిగిపోయిన చెప్పుల జత, తనని తాను గీసుకున్న బొమ్మ, ఏదైనా పేజీకి సరిపోతుంది.

ఇక బాబు. "పెట్టడానికి ఏమీ దొరకడం లేదు" అన్నారు. కాగితం మీద వెతుకుతున్నారు కాబట్టి దొరకడం లేదు. వాడు రాయడంలో నెమ్మది అన్నారు గానీ మాట్లాడటంలో నెమ్మది అనలేదు. ఏడాదిలో జరిగిన ఒక సంగతి ఎత్తి వాణ్ణి చెప్పమనండి, ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత వాడన్నది వాడన్నట్టే రాయండి, వాక్యం సరిచేయకండి. నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లవాడు తన మోకాలి దెబ్బ గురించి "నేను పడలేదు, సైకిలే పడింది. నేను దాంతో ఉన్నానంతే" అన్నాడు. దీన్ని దిద్దితే ఏం మిగులుతుంది? జరిగిన సంగతుల గురించి తల్లిదండ్రులు ఓపిగ్గా, "అప్పుడేమైంది? నీకేమనిపించింది?" అంటూ మాట్లాడే ఇళ్ళలో పిల్లలు తమ జ్ఞాపకాల్ని మరింత వివరంగా చెప్పగలుగుతారని రాబిన్ ఫైవుష్ లాంటి పరిశోధకులు చాలాకాలం పరిశీలించి చెప్పారు. కాబట్టి పుస్తకం సంగతి అటుంచినా ఆ కబుర్ల వల్ల వాడికి మేలే.

పుస్తకం ఒకటే చేసి, రెండు కాపీలు తీయించండి. రేపు పెద్దయ్యాక ఎవరిది వాళ్ళ దగ్గర ఉంటుంది. అట్ట మాత్రం ఎవరిది వాళ్ళే గీసుకోవాలి. ఒక్క జాగ్రత్త: పాప చేతిరాత, బాబు చేతిరాత ఎదురెదురు పేజీల్లో పెట్టకండి. మీరు పోల్చకపోయినా చూసేవాళ్ళు పోలుస్తారు.

మూడేళ్ళవీ కలిపి చేయాలన్న ఆలోచన వదిలేయండి. పాత రెండేళ్ళకీ చెరో పేజీ చాలు. మొత్తం 24 పేజీలు దాటనివ్వకండి. మధ్యలో పిన్నులు కొట్టే బైండింగ్ అయితే పేజీలు నాలుగు లెక్కన ఉండాలి, ఎందుకంటే ఒక కాగితం మడిస్తే నాలుగు పేజీలవుతాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు నేరుగా వాడితే ప్రింటులో మసగ్గా రావచ్చు, పంపినవాళ్ళని డాక్యుమెంటుగా మళ్ళీ పంపమనండి. 6 అంగుళాలు ఇంటూ 8 అంగుళాల ఫొటో స్పష్టంగా రావాలంటే సుమారు 1800 ఇంటూ 2400 పిక్సెళ్ళు ఉండాలి. బొమ్మల్ని పగటి వెలుతురులో కిటికీ దగ్గర పెట్టి, ఫ్లాష్ లేకుండా, పైనుంచి నిలువుగా తీయండి. పెన్సిల్ రాతని స్కాన్ చేసేటప్పుడు నలుపు తెలుపు ఎంచుకుంటే సన్నటి గీతలు ఎగిరిపోతాయి, కలర్‌లోనే చేయండి. తెలుగు అక్షరాలు కొన్ని సాఫ్ట్‌వేర్లలో వొత్తులు విడిపోయి అచ్చవుతాయి. పీడీఎఫ్ చేసి ఇవ్వండి, ముందు ఒక్క పేజీ తీయించి చూసుకోండి.

అసలు కాగితాల్ని కూడా పారేయకండి, అలాగని టేపుతో ఎక్కడా అంటించకండి. టేపు పచ్చబడి కాగితాన్ని పాడుచేస్తుంది. మా పిల్లల చిన్నప్పటి ఫొటోలు నేను జిగురు పేజీల ఆల్బంలో పెట్టాను, పైన ప్లాస్టిక్ కాగితం మూసే రకం. పదిహేనేళ్ళ తర్వాత తీయబోతే మా పెద్దవాడి ఫొటో సగం పేజీకే ఉండిపోయింది. యాసిడ్ లేని కాగితం కవర్లలో పెట్టి, ఫొటో వెనక తేదీ మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ను ఒత్తు ముందువైపుకి తేలుతుంది. మ్యూజియం టికెట్లు, బిల్లుల లాంటివి చాలావరకు వేడికి అచ్చయ్యే కాగితం, కొన్నాళ్ళకి అక్షరాలు చెరిగి తెల్లగా అయిపోతాయి. వాటికి ఇవాళే ఫొటో తీసేయండి.

మీ వారు నవ్వినందుకు బాధపడ్డారు, నిజమే. అయినా ఆయన్ని ఈ పనిలోకి మీరు పిలిచినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఒక పేజీ ఆయనకి ఇచ్చేయండి. "క్లాసులో ఇద్దరే, హాజరు మాత్రం నూటికి నూరు" అని ఆ జోకే రాసుకోమనండి, పిల్లలు పడీ పడీ నవ్వుతారు.

అత్తగారి సంగతి నిజం చెప్పాలంటే, ఈ పుస్తకం చూసి ఆవిడ దెప్పడం మానేస్తారని నేను నమ్మను. ఆ మాటలకి జవాబు చెప్పాల్సింది మీ ఆయన, తన తల్లికి తనే. అది పుస్తకం మీద పెట్టకండి. ఆవిడకి వేరే పని అప్పజెప్పండి: మీ వారు 11 ఏళ్ళప్పుడు ఎలా ఉండేవారో ఒక పేజీ చెప్పమనండి, పాప రాసుకుంటుంది. చెప్పను పొమ్మంటే పొమ్మననివ్వండి.

చివరి నాలుగు పేజీలు ఖాళీగా వదలండి. అవి మెరిసే కాగితం కాకుండా మామూలు కాగితం అయి ఉండాలి, లేకపోతే పెన్ను సిరా ఆరక అలుక్కుపోతుంది. ఎవరితో రాయించుకోవాలో లిస్టు పిల్లలిద్దరూ వేసుకోవాలి. పక్కింటి పిల్లలు, ఈత నేర్పే ఆయన, లైబ్రరీలో పుస్తకాలు తీసిపెట్టే ఆవిడ, దూరాన ఉన్న స్నేహితురాలు అయితే చీటీ మీద రాసి పంపినది. వేరే పిల్లల ఫొటోలు వేసేముందు మాత్రం వాళ్ళ అమ్మానాన్నల్ని అడగండి. ఇంటికి ఎవరూ రారు, పిల్లలకి స్నేహితులు లేరు అనిపించేంత చిన్నదిగా ఆ లిస్టు వచ్చిందంటే, అప్పుడు నాకు మళ్ళీ రాయండి. దానికి పుస్తకం కాదు, వేరే ఏర్పాటు కావాలి.

మొదటి సంతకానికి మీ ఆడపడుచు కూతుర్నే పిలవండి. తన ఇయర్‌బుక్కులో ఖాళీ మిగిలి ఉంటే మీ పాప కూడా అందులో ఒక గీత గీస్తుంది.