వాల్వు దగ్గరికి వెళ్లే ముందు

చిరంజీవి బాబుకు,

మీ పెద్దనాన్న ఆశీస్సులతో రాసేది. ప్లాంటులో గ్యాసు లీకైతే వెళ్లే ఎమర్జెన్సీ బృందంలోకి నిన్ను తీసుకున్నారని, సోమవారం నుంచి శిక్షణ మొదలవుతుందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో సంతోషం ఎంత ఉందో దిగులూ అంతే ఉంది. రొయ్యల ప్లాంట్లలో, చల్లదనం కోసం వాడే అమోనియా కంప్రెసర్ల మధ్య ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసినవాడిని. నీకు చెప్పవలసింది చాలా ఉంది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కాగితం తీసుకున్నాను.

ముందుగా ఒక రాత్రి సంగతి. ఇంట్లో ఎవరికీ ఇంతవరకు వివరంగా చెప్పలేదు.

నేను పనిచేసిన ఒక ప్లాంటులో రాత్రి షిఫ్టు నడుస్తోంది. మా ఆపరేటర్ ద్రవ అమోనియా నిలవుండే ట్యాంకు (రిసీవర్ అంటాం) అడుగు నుంచి ఆయిల్ తీస్తున్నాడు. కంప్రెసర్ నుంచి కొట్టుకొచ్చే ఆయిల్ ద్రవ అమోనియా కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది, అప్పుడప్పుడు దాన్ని బకెట్లోకి వదలాలి. నల్లగా, చిక్కగా, నింపాదిగా కారుతుంది. అది అయిపోయిన మరుక్షణం వెనక ఉన్న అమోనియా తన్నుకొస్తుంది. చెయ్యి తీస్తే స్ప్రింగు బలంతో దానంతట అదే మూసుకుపోయే వాల్వు అక్కడ ఉండాలి. లేదు. మామూలు వాల్వు తిప్పి, గేజి చూడటానికి అతను నాలుగడుగులు పక్కకు వెళ్లాడు. వెనక్కి తిరిగేసరికి తెల్లటి మంచు తప్ప ఏమీ కనబడలేదు. కేక వేశాడు. ఆ కేక విని నా పక్కనున్న ఫిట్టర్, నా ప్రాణ స్నేహితుడు, తువ్వాలు తడిపి ముక్కుకు చుట్టుకుని లోపలికి పరుగెత్తాడు. చొక్కా పట్టుకున్నాను. చేతిలోంచి జారిపోయింది.

ఆపరేటర్ గోడ తడుముకుంటూ వెనక తలుపులోంచి బయటపడ్డాడు. అతన్ని తేవడానికి వెళ్లిన నా స్నేహితుణ్ణి అగ్నిమాపక సిబ్బంది బయటికి తెచ్చేసరికి ప్రాణం లేదు. వెనక తలుపు ఉందని అతనికీ తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఇది మా ఒక్క ప్లాంటు కథ అనుకోకు. మన ఊళ్లలో మ్యాన్‌హోల్లోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఒకరు దిగి పడిపోతే వెనకే ఇద్దరు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఎన్ని చదవలేదు? అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధించే నియోష్ సంస్థ ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని 1986లోనే చెప్పింది. మనవాడు లోపల పడి ఉంటే కాళ్లు ఆగవు బాబూ. వాటిని ఆపడమే ఈ శిక్షణలో అన్నిటికంటే కష్టమైన పాఠం. మిగిలినవన్నీ దాని తర్వాతే. అమెరికా నిబంధనలు ఈ పనివాళ్లను ఐదు మెట్లుగా విడదీశాయి. మొదటి మెట్టు మీద ఉన్నవాడు ప్రమాదాన్ని గుర్తించాలి, కబురందించాలి, దూరంగా ఉండాలి. అంతే. లీకు దగ్గరికి వెళ్లి దాన్ని ఆపేవాడు మూడో మెట్టువాడు, అతనికి కనీసం 24 గంటల శిక్షణ ఉండాలి. నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావో మొదటి రోజే అడిగి తెలుసుకో. ఆ మెట్టు దాటి ఒక్క అడుగు కూడా వేయకు.

ఇక అమోనియా గురించి. ఇది గాలి కంటే తేలికని పుస్తకంలో ఉంటుంది. నిజమే. కానీ సున్నాకు 33 డిగ్రీల దిగువన మరిగే ద్రవం బయటపడినప్పుడు చల్లటి మంచులా నేలను పట్టుకుని పాకుతుంది. తేలిక కదా, పైకి పోతుందిలే అని నిలబడకు. వాసన చాలా ముందే తెలుస్తుంది, అది మన అదృష్టం. 300 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల వంతులకు 300 వంతులు, దాటిన చోట మాత్రం సొంత గాలి సిలిండర్ లేకుండా ఎవరూ ఉండకూడదు. గాలిని వడకట్టే డబ్బా బిగించిన మాస్కు అక్కడికి చాలదు, తడి తువ్వాలు అసలే చాలదు. ఆవిరి మీద నీటి తుంపర్లు తెరలా కొడితే అమోనియా నీటిలో కరుగుతుంది. మడుగు కట్టిన ద్రవం మీద మాత్రం నీళ్లు కొట్టకూడదు. నీటితో కలిసి వేడెక్కి ఇంకా ఎక్కువ ఆవిరి లేస్తుంది. క్లోరిన్ లీకు మీదా నీళ్లు పోయకూడదు, తడి తగిలితే ఆమ్లం పుట్టి చిల్లును పెద్దది చేస్తుంది. రోడ్డు మీద ట్యాంకరు బోల్తా పడితే దాని మీది నాలుగంకెలు దూరం నుంచే చదువు. 1005 అంటే అమోనియా, 1017 అంటే క్లోరిన్.

డ్యూటీ ఎక్కగానే కార్డు కొట్టే ముందు తలెత్తి, గాలి ఎటు వీస్తుందో చూపే విండ్‌సాక్ చూడు. సముద్రం దగ్గరి ప్లాంటులో పొద్దున్న ఒక గాలి, సాయంత్రం ఒక గాలి. సైరన్ మోగాక చూసుకుందామంటే కుదరదు.

గాలి సిలిండర్ లెక్క కంఠతా రావాలి. ఆరు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ల ఒత్తిడితో నింపితే సుమారు 1800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలని లెక్క కడతారు. భయంతో, బరువుతో మెట్లెక్కేవాడు 60 లీటర్లు పీల్చేస్తాడు. అప్పుడు అరగంటే. గాలి అయిపోవస్తోందని సిలిండర్ ఈల మోగాక బయలుదేరవద్దు, ఈల మోగేసరికి బయట ఉండాలి. ఎప్పుడూ ఇద్దరుగా వెళ్లండి, ఇద్దరుగా తిరిగి రండి. మరో ఇద్దరు పూర్తిగా తయారై బయట నిలబడి ఉండాలి.

ఇంకో మాట, దీన్ని తప్పుగా అనుకోకు. నువ్వు ఏటా అయ్యప్ప మాల వేసుకుంటావు. నలభై ఒక్క రోజులు గడ్డం తీయవు. గడ్డం ఉన్న ముఖానికి మాస్కు అంచు అతుక్కోదు, వెంట్రుకల సందుల్లోంచి గ్యాసు లోపలికి వస్తుంది. మాల వేసుకునే ముందే మీ ఆఫీసరుకు చెప్పు. ఆ రోజుల్లో లోపలికి వెళ్లే జట్టులో నీ పేరు ఉండకూడదు. బయట ఉండి చేసే పని చాలా ఉంది, గేటు దగ్గర లెక్క చూడటం, కబుర్లు అందించడం. చెప్పడానికి మొహమాటపడి తర్వాత మాస్కు తగిలించుకుని వెళ్తే మాత్రం నేను క్షమించను.

రోహిణీ కార్తె ఎండలో ఆ రబ్బరు సూటు లోపల ఎలా ఉంటుందో తొడిగితేగాని తెలియదు. చెమట బూట్లలోకి కారుతుంది, తల తిరుగుతుంది. తొడిగే ముందు నాడి చూపించుకో, నీళ్లు తాగు. బయటికి రాగానే జిప్పు లాగేయకు. ముందు సూటు మీద నీళ్లు కొట్టి కడగాలి, తర్వాతే విప్పాలి. ఎవరి బట్టలకైనా ద్రవ అమోనియా గడ్డకట్టి అంటుకుని ఉంటే లాగవద్దు, చర్మం ఊడొస్తుంది. నీళ్లతో కరిగించి తీయాలి. కళ్లలో పడితే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం 15 నిమిషాలు నీళ్లు పోయాలి. అతను వద్దని ఏడ్చినా ఆపకు.

ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో ఉంది. చాలాచోట్ల అది ఉదయం పదకొండుకు, అందరికీ ముందే చెప్పి, ఫొటోలు తీసుకుని, టీతో ముగుస్తుంది. మీ దగ్గర తెల్లవారుజామున మూడింటికి ఒకసారి చేయమని అడుగు. 2020 మే 7న విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీదికి వచ్చింది ఆ వేళకే. ఊరు నిద్రలో ఉంది. సైరన్ మోగలేదు. 12 మంది పోయారు. రొయ్యలు వలిచే హాలులో ఒడిశా నుంచి, అస్సాం నుంచి వచ్చిన ఆడపిల్లలు ఉంటారు కదా, తెలుగులో మైకు పెట్టి అరిస్తే వాళ్లకు ఏం అర్థమవుతుంది? ఏ తలుపు గుండా వెళ్లాలో వాళ్ల మాటలో చెప్పే మనిషి ప్రతి షిఫ్టులో ఉన్నాడా? హాస్టల్ గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఇవి చిన్న ప్రశ్నలని ఎవరైనా అంటే ఊరుకోకు. ఆయిల్ తీసే చోట స్ప్రింగు వాల్వు ఉందో లేదో కూడా నీ కళ్లతో చూసి రా. లేకపోతే రాతపూర్వకంగా అడుగు. ఆ రోజుల్లో మేము నోటిమాటగా అడిగి ఊరుకున్నాం.

శిక్షణలో మాస్కు తొడగడానికి మొదటి రోజు ఎన్ని సెకన్లు పట్టిందో రాసి పెట్టుకో. నెల తర్వాత మళ్లీ చూసుకో. రెండు అంకెలూ నాకు ఉత్తరంలో రాయి. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న