విరిగిన సైలెన్సర్‌తో దేవరకొండ నుంచి హైదరాబాద్ దాకా కారు నడపొచ్చా?

కారు నడవడానికి నడుస్తుంది. కానీ మీరు అనుకుంటున్నట్టు అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ వేసుకుని, మోత వినపడకుండా పోదామంటే మాత్రం వద్దంటాను. మీరు రాసినదాన్ని బట్టి పాత పెట్రోల్ కారు, దేవరకొండలో ఉంది, కింద పైపు విరిగి ట్రాక్టర్ మోత మోగుతోంది, తెలిసిన మెకానిక్ హైదరాబాద్‌లో ఉన్నాడు, రేపు ఇంటిల్లిపాదీ అందులోనే బయల్దేరాలి. ఇంట్లోవాళ్లను బస్సెక్కించండి. కారులో మీరొక్కరే పొండి, అదీ పైపు ఎక్కడ విరిగిందో చూసుకున్నాకే.

మోత ఎక్కువుంటే భయపడతాం, తక్కువుంటే ఏం కాదులే అనుకుంటాం. చూడాల్సింది మోత కాదు, విరిగిన చోటు. ఇంజన్‌కు అంటుకుని, సిలిండర్ల పొగనంతా ఒక్క పైపులోకి చేర్చే మానిఫోల్డ్ ఉంటుంది, తర్వాత ఆ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఇంజన్ ఊగుడుకు తట్టుకునేలా జాలీ అల్లిన ఫ్లెక్స్ పైపు, సీట్ల కింద నుంచి పొడుగు పైపు, చివర డిక్కీ కింద సైలెన్సర్ డబ్బా. కారును బట్టి ఈ వరస కాస్త అటూ ఇటూ అవుతుంది. డబ్బా దగ్గర విరిగితే ఇంజన్‌కు వెంటనే వచ్చే నష్టమేమీ లేదు. 'సైలెన్సర్ లేకపోతే వాల్వులు కాలిపోతాయి' అని టీ కొట్టు దగ్గర చెప్పేవాళ్లుంటారు, ఆ చివర్లో విరిగినదానికి అలా ఏమీ కాలిపోవు. అదే కన్వర్టర్‌కు ముందు విరిగితే సంగతి వేరు. అక్కడ గ్యాస్ ఇంకా శుభ్రపడలేదు, వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది, పక్కనే వైర్లు, రబ్బరు గొట్టాలు ఉంటాయి. అలాంటి కారును ఊరు దాటించొద్దు, టోయింగ్ బండి పిలవండి.

చోటు కనిపెట్టడం పెద్ద పనేం కాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, పొద్దున ఆరుబయట స్టార్ట్ చేయించి, మందపాటి తడిగుడ్డతో వెనక పైపు మూతిని ఒక్క క్షణం మూయండి. పగులు ఉన్నచోట నుంచి బుస్సుమని గాలి కొడుతుంది. ఇంజన్ ఆపి చూస్తే ఆ పగులు చుట్టూ నల్లటి మసి మరక కూడా కనబడుతుంది. స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్ టిక్ మని కొట్టి, వేడెక్కాక ఆ చప్పుడు తగ్గితే మానిఫోల్డ్ దగ్గరే అనుమానించాలి. ఇనుము వేడికి వ్యాకోచించి పగులు మూసుకుంటుంది, అందుకే తగ్గుతుంది. తగ్గింది కదా అని వదిలేయకండి.

ఇక అసలు భయం కారు పొగలో ఉండే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. కన్వర్టర్ బాగా వేడెక్కి పనిచేస్తుంటే చాలావరకు దాన్ని మార్చేస్తుంది గానీ, స్టార్ట్ చేసిన కొత్తలో కన్వర్టర్ చల్లగా ఉన్నప్పుడు ఉన్నదంతా బయటికే వస్తుంది. కాబట్టి షట్టర్ వేసిన షెడ్డులో, మూసిన పోర్చులో కారు స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం అన్నిటికంటే ప్రమాదం.

మా బండి సంగతి చెబుతాను. వరికోతలప్పుడు మా మల్లేపల్లి దిక్కు రోడ్ల మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఎదురు లారీకి దారిస్తుంటే ఒక రాయి కింద తగిలింది, డబ్బాకు ముందు పైపు అతుకు తెగి వేలాడింది. దగ్గర్లో ఇల్లు కడుతున్న చోట రాడ్డు కట్టే బైండింగ్ వైరు అడిగి తెచ్చి, నాలుగు పేటలు మెలేసి హుక్కుకు కట్టేశాను. అది బాగానే ఆగింది. అయితే డిక్కీలో సామాను ఎక్కువై మూత పూర్తిగా పడక తాడుతో కట్టి ఉంది. కాస్త దూరం పోగానే వెనక సీట్లో మా నాయిన "తల దిమ్ముగుందిరా, వాంతొచ్చేటట్టుంది" అన్నాడు. ముందు కూర్చున్న నాకేమీ లేదు. పరుగెత్తే కారు వెనక గాలి ఒత్తిడి తగ్గి, కింద నుంచి వచ్చే గ్యాస్ అక్కడే సుడి తిరుగుతుంది, తెరిచిన డిక్కీ దాన్ని లోపలికి లాగుతుంది. బండి ఆపి అందరం దిగాం, సామాను సగం సీటు మీదికి మార్చి డిక్కీ గట్టిగా మూశాం, అద్దాలు నాలుగూ దింపాం. గాలి తగిలాక నాయిన తేరుకున్నాడు.

అందుకే ఎవరు అడిగినా ఇదే చెబుతాను. డిక్కీ గట్టిగా మూసి ఉండాలి, అద్దాలు నాలుగూ దించి ఉండాలి, వెనకవి మాత్రమే దించడం కాదు. పగులు వెనకాల ఉంటే బ్లోయర్ కూడా ఫుల్లుగా పెట్టి బయటి గాలి లోపలికి వచ్చే స్విచ్‌లో ఉంచండి. లోపలి గాలే తిప్పే స్విచ్ వేస్తే ఒకసారి దూరిన గ్యాస్ కారులోనే తిరుగుతుంది. పగులు బానెట్ కింద ఉంటే మాత్రం బ్లోయర్ వేయొద్దు, దానికి గాలి అందేది ముందు అద్దం కింది జాలీ నుంచి, అంటే ఇంజన్ పక్క నుంచే. కారు ఆగిన చోట ఇంజన్ ఆపేయండి. ఎండాకాలంలో మన నల్లగొండలో 44 డిగ్రీలకు ఏసీ లేకుండా నూరు కిలోమీటర్లు పోవడం ఎంత నరకమో నాకూ తెలుసు, తెల్లవారుజామున బయల్దేరండి.

దారిలో తలనొప్పి, మగత, కడుపులో తిప్పడం మొదలైతే ఎండ దెబ్బ అనుకుని నీళ్లు తాగి సాగిపోకండి. కారు దిగండి. స్పృహ తప్పేలా ఉంటే 108కి ఫోన్ చేసి, కారు పొగ పీల్చామని ముందే చెప్పండి. కరోనా అప్పుడు కొన్న వేలి ఆక్సీమీటర్ ఇక్కడ పనికిరాదు, అది కార్బన్ మోనాక్సైడ్ అతుక్కున్న రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేసి 98 చూపిస్తుంది. మామూలు గాలిలో ఒంట్లోని ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో మాస్కుతో ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో తగ్గుతుంది.

నిప్పు సంగతి కూడా చూసుకోవాలి. విరిగిన పైపు నోరు ప్లాస్టిక్ పెట్రోల్ ట్యాంకు వైపో, బ్రేకు గొట్టం వైపో తిరిగి ఉంటే ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. వేలాడే పైపు రోడ్డుకు రాసుకుంటే రవ్వలు లేస్తాయి. యాసంగి కోతల్లో రోడ్డు మీద గడ్డి పరచి ఉంటుంది కదా, దాని మీద బండి ఆపకండి. పైపు కట్టడానికి ఇనుప తీగే వాడాలి, నైలాన్ తాడు, ప్లాస్టిక్ ట్యాగు నిమిషాల్లో కరిగిపోతాయి. ఎంసీల్ పెట్టి మూసేస్తారు కొందరు, అదీ ఆ వేడికి నిలబడదు. డబ్బా దగ్గరి చిన్న చిల్లు అయితే పలచటి రేకు చుట్టి రెండు వైపులా హోస్ క్లిప్పులు బిగిస్తే ఊరు చేరేదాకా ఆగుతుంది.

పోలీసుల గురించి అడిగారు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 120వ రూలు ప్రకారం ప్రతి బండికీ పనిచేసే సైలెన్సర్ ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ కింద మోతకు, పొగకు మొదటిసారికి 10,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. రిపేరుకే పోతున్నామంటే వింటారా వినరా అన్నది ఆపినాయన ఇష్టం.

నన్నడిగితే అసలు హైదరాబాద్ దాకా ఈ మోతతో ఎందుకు పోవాలి? దేవరకొండలోనే వెల్డింగ్ షాపులున్నాయి, దారిలో మల్లేపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నంలోనూ ఉన్నాయి. నాది అతికింది ట్రాలీలకు వెల్డింగ్ చేసే ఆయనే. "ఇంజన్ కాడ పోలే సార్, ఎనకాల పోయింది, ఏం గాదు" అంటూ అరగంటలో అతికేశాడు. అతుకు వందల్లో అయిపోతుంది, కొత్త డబ్బా అయితే వేలల్లోకి పోతుంది. కరెంటు వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయమనండి, లేకపోతే ఇంజన్ కంప్యూటర్ దెబ్బతినొచ్చు. పని అయ్యేదాకా దగ్గరే నిలబడండి, ఎందుకంటే కొందరు "ఇది జామ్ అయింది, తీసేస్తే పికప్ పెరుగుతది" అని కన్వర్టర్‌నే కోసేసి నేరు పైపు పెడతారు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, పాతసామాను వాళ్లు మంచి ధరకు కొంటారు. మీకు మిగిలేది డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు, ఫెయిలయ్యే పొల్యూషన్ సర్టిఫికెట్.

రబ్బరు హ్యాంగర్లు కూడా చూడండి. సైలెన్సర్ వేలాడేది వాటి మీదే, ఒకటి తెగితే బరువంతా అతుకు మీద పడి అక్కడే మళ్లీ విరుగుతుంది. సైకిల్ ట్యూబు ముక్క కట్టి పంపిస్తానంటే ఒప్పుకోకండి, కొత్తవి తక్కువ ధరకే దొరుకుతాయి. పగులు ఫ్లెక్స్ దగ్గర ఉంటే మాత్రం దాన్ని తీసి మామూలు ఇనుప పైపు అతికించనివ్వొద్దు, ఇంజన్ ఊగుడంతా మానిఫోల్డ్ మీద పడి అది పగులుతుంది. అలాగైతే ఫ్లెక్స్ ముక్కే తెప్పించి వేయించాలి. కింద నుంచి ఒక ఫొటో తీసి పెడితే ఏ అతుకో చూసి చెబుతాను.