అధిశోషణం నేర్చుకుంటే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. గ్యాసులను శుద్ధి చేసే అధిశోషక పదార్థాలంటే (గ్యాసులోని కొన్ని అణువులను తమ ఉపరితలం మీద పట్టి ఉంచేవి) ఆసక్తి. ఈ సెలవుల్లో రెండు అవకాశాలున్నాయి. ఒకటి, కాలేజీ ల్యాబ్‌లో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంఓఎఫ్ (లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి అల్లిన, సూక్ష్మ రంధ్రాలున్న స్ఫటికం) పదార్థం తయారీ. రెండోది, ఒక కర్మాగారంలో కంప్రెస్డ్ ఎయిర్ డ్రయర్లు, నైట్రోజన్ ప్లాంటు చూసుకునే విభాగంలో ఇంటర్న్‌షిప్. రెండోదాన్ని మిత్రులు ‘యుటిలిటీ పని’ అని తీసిపారేస్తున్నారు. ఏది ఎంచుకోవాలి? అసలు ఈ రంగం మరీ ఇరుకైనదా?

జవాబు: డ్రయర్ల దగ్గరికే వెళ్లండి. ఎంఓఎఫ్ ఎక్కడికీ పోదు, పీజీలో ఇంకా మంచి పరికరాలతో చేసుకోవచ్చు. తడిగాలి ఒక టవర్లోకి వెళ్లి పొడిగాలిగా బయటికి రావడాన్ని వాల్వు వాల్వుగా దగ్గరుండి చూసే అవకాశం మాత్రం చదువుకునే రోజుల్లో అరుదుగా వస్తుంది.

రంగం ఇరుకా అన్న సందేహానికి కారణం పేరు. ‘అడ్సార్ప్షన్ ఇంజినీర్ కావలెను’ అనే ప్రకటన మీకు దాదాపుగా కనిపించదు. ఆ పని ప్రాసెస్ ఇంజినీర్, హైడ్రోజన్ ప్లాంట్ ఇంజినీర్, కమిషనింగ్ (కొత్త ప్లాంటును మొదలుపెట్టి నడిపించే) ఇంజినీర్, అప్లికేషన్ ఇంజినీర్ వంటి పేర్ల కింద ఉంటుంది. రిఫైనరీలో హైడ్రోజన్ శుద్ధి, ఎల్‌ఎన్‌జీ (ద్రవీకృత సహజవాయువు) ప్లాంటులో సహజవాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచే ముందు తేమను 0.1 పీపీఎం కిందికి దించడం, అదే ప్లాంటులో అల్యూమినియం ఎక్స్‌ఛేంజర్లను తినేసే పాదరసాన్ని గంధకం ఎక్కించిన కార్బన్‌తో పట్టడం, ఆసుపత్రులకు ఆక్సిజన్, ఆహార ప్యాకింగ్‌కు నైట్రోజన్, బయోగ్యాస్ నుంచి మీథేన్: అన్నిటా ఉన్నది అధిశోషక గుళికలు నింపిన బెడ్డే. ఉద్యోగాలు వెతికేటప్పుడు పదార్థం పేరుతో కాక పీఎస్ఏ (పీడనం మారుస్తూ నడిపే అధిశోషణం), టీఎస్ఏ (ఉష్ణోగ్రత మారుస్తూ నడిపేది), డీహైడ్రేషన్ (తేమ తీయడం), ప్యూరిఫికేషన్ వంటి మాటలతో వెతకండి.

‘మాలిక్యులార్ సీవ్’ (అణువుల జల్లెడ, ఈ గుళికల్లో కొన్నిటికి ఉన్న పేరు) అనగానే జల్లెడ గుర్తొస్తుంది. చాలామంది విద్యార్థులు ఇంటర్వ్యూలో జారిపోయేది ఇక్కడే. ఇథనాల్‌ను ఆరబెట్టే 3ఏ జియోలైట్ (సూక్ష్మ రంధ్రాలున్న ఖనిజం; 3ఏ, 5ఏ, 13ఎక్స్ దాని రకాలు) విషయంలో జల్లెడ పోలిక సరిపోతుంది. దాని రంధ్రంలో నీటి అణువు పడుతుంది, ఇథనాల్ అణువు పట్టదు. గాలి నుంచి ఆక్సిజన్ తీసే 13ఎక్స్‌లోనూ, లిథియం ఎక్కించిన జియోలైట్‌లోనూ అలా కాదు. రెండు గ్యాసులూ హాయిగా లోపలికి వెళ్తాయి. నైట్రోజన్‌కు క్వాడ్రుపోల్ మొమెంట్ (అణువులో విద్యుదావేశం సమంగా పరచుకోకపోవడం) ఎక్కువ కాబట్టి లోపలి ధనాత్మక అయాన్లు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి, ఆక్సిజన్ ముందుకు సాగిపోతుంది. నైట్రోజన్ ప్లాంటులో వాడే కార్బన్ మాలిక్యులార్ సీవ్‌ది ఇంకో కథ. ఆక్సిజన్ కైనెటిక్ వ్యాసం (రంధ్రంలో దూరేటప్పుడు లెక్కలోకి వచ్చే అణువు పరిమాణం) 3.46 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్లవ వంతు), నైట్రోజన్‌ది 3.64. ఆ కాస్త తేడాతో ఆక్సిజన్ వేగంగా దూరుతుంది, నైట్రోజన్ నెమ్మదిగా. అందుకే టవర్లు నిమిషానికో, ఆ చుట్టుపక్కలో మారుతుంటాయి. ఎక్కువసేపు ఉంచితే నైట్రోజన్ కూడా లోపలికి చేరిపోయి వేరుచేయడం మాటే ఉండదు. పరిమాణం, బలం, వేగం: ఒక ప్లాంటు ఈ మూడింటిలో దేనిమీద నడుస్తోందో చెప్పగలిగితే మీకు సగం విషయం తెలిసినట్టే.

దీనికి అనుబంధంగా తరచూ ఎదురయ్యే ప్రశ్న: ఆక్సిజన్ పీఎస్ఏ 95 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? గాలిలో ఆక్సిజన్ 20.95 శాతం, ఆర్గాన్ 0.93 శాతం. జియోలైట్ దృష్టిలో ఆర్గానూ ఆక్సిజనూ ఒకటే. నైట్రోజన్ మొత్తాన్ని తీసేసినా మిగిలిన 21.88లో ఆక్సిజన్ 20.95, అంటే 95.7 శాతం. ‘బెడ్ పెంచితే 99 వస్తుంది’ అన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఇక మీ మిత్రులు చిన్నచూపు చూసిన డ్రయర్. రెండు టవర్లు, ఒకటి అధిక పీడనంలో తేమ పట్టడం, రెండోది పీడనం దించి కొంచెం పొడిగాలితో కడుక్కోవడం: చార్ల్స్ స్కార్‌స్ట్రోమ్ 1960లో పేటెంట్ పొందిన చక్రం ఇదే. పీడనం ఎక్కించడం, అధిశోషణం, బ్లోడౌన్ (పీడనం వదిలేయడం), పర్జ్ (పొడిగాలితో కడగడం) అనే నాలుగు అంచెలు. నేటి పెద్ద హైడ్రోజన్ యూనిట్లు కూడా ఈ నాలుగింటికి మెరుగులు దిద్దినవే. హీట్‌లెస్ (హీటర్ లేని) డ్రయర్ ముందు అరగంట నిలబడితే ఆ అంచెలన్నీ చెవికి వినిపిస్తాయి. సైలెన్సర్ నుంచి బుస్సుమన్నది బ్లోడౌన్, ఆ తర్వాత సన్నగా సాగేది పర్జ్. పర్జ్ కింద 15 శాతం వరకు గాలి పోతుంది. కంప్రెసర్ కరెంటు బిల్లు చూసేవాళ్లకు ఈ అంకె నిద్ర పట్టనివ్వదు, అందుకే హీటర్ ఉన్న డ్రయర్లు వచ్చాయి.

అక్కడ చేయాల్సిన ఒక లెక్క చూపిస్తాను. గంటకు 1000 నార్మల్ (సున్నా డిగ్రీలు, వాతావరణ పీడనం దగ్గర లెక్కించిన) ఘనపు మీటర్ల గాలి. గేజి మీద 7 బార్, అంటే సంపూర్ణ పీడనం దాదాపు 800 కిలోపాస్కల్. ఆఫ్టర్‌కూలర్ (కంప్రెసర్ నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచేది) దాటాక 35 డిగ్రీలు, తేమతో సంతృప్తం. ఆ ఉష్ణోగ్రతలో నీటి ఆవిరి పీడనం 5.6 కిలోపాస్కల్ కాబట్టి నీటి మోల్ భాగం 0.007. 1000 ఘనపు మీటర్లంటే 44.6 కిలోమోళ్లు. వెరసి గంటకు 5.6 కిలోల నీరు. హీటర్ ఉన్న డ్రయర్లో ఒక టవర్ 4 గంటలు పనిచేసి రీజనరేషన్‌కు (పట్టిన తేమను వేడితో వదిలించుకోవడానికి) వెళ్తుందనుకుంటే, ఆ 4 గంటల్లో 22, 23 కిలోలు పట్టాలి. యాక్టివేటెడ్ అల్యూమినా (బెడ్‌లో తేమ పట్టే పదార్థం) తన బరువులో 10 శాతం పడుతుందని డిజైన్‌లో వేసుకుంటే 230 కిలోలు చాలు. కాలంతో సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి 300 కిలోలు నింపారనుకుందాం.

ఇప్పుడు ఆఫ్టర్‌కూలర్ ట్యూబులకు పొలుసు పట్టి గాలి 45 డిగ్రీల దగ్గర వస్తోంది. ఆవిరి పీడనం 9.6 కిలోపాస్కల్‌కు ఎక్కింది. నీరు గంటకు 9.6 కిలోలు, 4 గంటలకు 38 కిలోలు. అల్యూమినా పట్టగలిగేది 30 కిలోలే, ఆ వేడిలో అదీ తగ్గుతుంది. మూడో గంట దాటగానే తేమ బయటపడుతుంది, టైమర్ మాత్రం నాలుగో గంట దాకా టవర్ మార్చదు. మైనస్ 40 ఉండాల్సిన డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగానో మంచుగానో మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) ఎగబాకుతుంది. వెంటనే ‘అల్యూమినా పోయింది, మార్చాలి’ అని నోట్ తయారవుతుంది. కొత్త అల్యూమినా డిజైన్ అంకె కంటే ఎక్కువే పడుతుంది కాబట్టి మార్చాక కొన్ని వారాలు అదే ఆదుకుంటుంది, ఆ తర్వాత మళ్లీ అదే తంతు. తప్పు బెడ్‌లో లేదు, దానికి ముందున్న కూలర్లో ఉంది. ఈ రంగంలో చాలా జబ్బులు ఇలాంటివే. బెడ్ మీద నేరం మోపే ముందు దాని ఎగువనున్న కూలర్, సెపరేటర్, డ్రెయిన్ ట్రాప్, ఆయిల్ ఫిల్టర్ చూసే అలవాటున్న ఇంజినీర్లకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ల్యాబ్‌లో ఈ అలవాటు అబ్బదు.

ఎగువ దోషాలు కానివీ ఉన్నాయి. సహజవాయువు డ్రయర్లో రీజనరేషన్ గ్యాసును ఒక్కసారిగా 280 డిగ్రీలకు తీసుకెళ్తే కింది పొర నుంచి లేచిన ఆవిరి, ఇంకా చల్లగా ఉన్న పై పొరలో నీరై కూర్చుంటుంది. వేడినీరు జియోలైట్ గుళికలోని బంకమట్టి బైండర్‌ను కరిగిస్తుంది. షట్‌డౌన్‌లో మ్యాన్‌హోల్ తెరిస్తే గుళికల బదులు గట్టి పెళ్లలు కనిపిస్తాయి. అందుకే 120 డిగ్రీల చుట్టుపక్కల కాసేపు ఆపి, ఎక్కువ భాగం నీరు పోయాక పైకి తీసుకెళ్తారు. ఇంకోటి పీడనం దించే వేగం. ఆత్రంగా దించితే బెడ్ పైకి లేచి గుళికలు ఒకదానికొకటి రాసుకుని పిండవుతాయి, ఆ పిండి దిగువ ఫిల్టర్‌ను మూసేస్తుంది, ప్రెజర్ డ్రాప్ పెరుగుతుంది. ఈ డ్రయర్లలో నిమిషానికి 2, 3 బార్లకు మించి దించనివ్వరు.

హైడ్రోజన్ పీఎస్ఏ నేర్చుకోదగ్గ పెద్ద చదువు. స్టీమ్ రిఫార్మర్ (సహజవాయువు, ఆవిరి నుంచి హైడ్రోజన్ తీసేది) తర్వాత షిఫ్ట్ రియాక్టర్ (కార్బన్ మోనాక్సైడ్, ఆవిరి నుంచి ఇంకొంత హైడ్రోజన్ తీసేది) దాటిన గ్యాస్ 20, 25 బార్ల దగ్గర కింది నుంచి బెడ్‌లోకి వస్తుంది. మొదట అల్యూమినా లేదా సిలికాజెల్ పొర నీటిని పడుతుంది. తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ పొరలో కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌లో ఎక్కువ భాగం ఆగిపోతాయి. పైనున్న 5ఏ జియోలైట్ కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్‌ల సంగతి చూస్తుంది. కార్బన్ పొర తక్కువ వేస్తే కార్బన్ డయాక్సైడ్ జియోలైట్ దాకా వెళ్లి అంటుకుపోతుంది. పీడనం దించినంత మాత్రాన వదలదు, కార్బన్ మోనాక్సైడ్‌కు చోటు తగ్గిపోతుంది. బయటికి వచ్చేది 99.999 శాతం హైడ్రోజన్. కానీ స్వచ్ఛత కోసం ఎంత పట్టుబడితే రికవరీ (వచ్చిన హైడ్రోజన్‌లో చేతికందే వాటా) అంత తగ్గుతుంది. నాలుగు బెడ్ల నుంచి పది, పన్నెండు బెడ్ల దాకా పెంచడం దేనికంటే, పని ముగించిన బెడ్‌లోని పీడనాన్ని ఖాళీగా ఉన్న బెడ్‌లకు విడతలవారీగా పంచడానికి. దీన్నే ఈక్వలైజేషన్ అంటారు. రికవరీ 90 శాతం దగ్గరికి చేరేది ఆ పంపకంతోనే. మిగిలిన టెయిల్ గ్యాస్ రిఫార్మర్ బర్నర్లకు ఇంధనంగా వెళ్తుంది, వృథా కాదు.

ఇక్కడ ఒక వాల్వు సరిగా మూసుకోక ‘పాస్’ అయితే మొత్తం యూనిట్ స్వచ్ఛత పడిపోతుంది. ఎలా పట్టుకుంటారు? ఒక్కో బెడ్ పీడనం గ్రాఫును పక్కపక్కన పెట్టి చూస్తారు. అన్ని వాల్వులూ మూసి ఉండాల్సిన అంచెలో గీత అడ్డంగా సాగాలి. ఒక బెడ్‌లో అది వాలితే ఆ బెడ్‌కు తగిలి ఉన్న వాల్వుల్లో దొంగ ఉన్నట్టే. రెండు నిమిషాలకో చక్రం తిరిగే యూనిట్లో ఒక్కో వాల్వు ఏడాదికి 2,60,000 సార్లకు పైగా తెరుచుకుంటుంది. టవర్ లోహం కూడా అన్నిసార్లు పీడనం ఎక్కి దిగుతుంది. అందుకే దాని గోడ మందాన్ని ఫెటీగ్ (పదేపదే ఒత్తిడి పడి లోహం అలసి పగలడం) లెక్కతో సరిచూస్తారు. మెకానికల్ మిత్రులకూ ఈ రంగంలో చోటుందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

మెటీరియల్స్ వైపు వెళ్లొద్దని కాదు. ఎంఓఎఫ్‌లకు పునాది వేసిన సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు 2025 రసాయనశాస్త్ర నోబెల్ వచ్చాక ఆ వైపు ఆకర్షణ ఇంకా పెరుగుతుంది. కానీ కొన్ని మిల్లీగ్రాముల పొడి మీద గీసిన ఐసోథర్మ్‌కూ (ఒకే ఉష్ణోగ్రతలో పీడనాన్ని బట్టి ఎంత గ్యాసు పడుతుందో చూపే గీత), టన్నులకొద్దీ నింపే గుళికకూ మధ్య చాలా దూరం ఉంది. బైండర్ కలిపి గుళిక చేస్తే ఎంత సామర్థ్యం మిగులుతుంది? తేమ తగిలితే నిలుస్తుందా? వేల చక్రాల తర్వాత? పట్టుకున్నదాన్ని ఎంత వేడితో వదిలిస్తాం? ఈ ప్రశ్నలు తెలిసినవారు చేసే పీహెచ్‌డీకి పరిశ్రమలో విలువ ఎక్కువ. ప్లాంటులోనో, డిజైన్ ఆఫీసులోనో రెండేళ్లు పనిచేసి పీజీకి వెళ్లడం నా ఉద్దేశంలో మేలైన దారి. సెమినార్లు, వ్యాసాలు, అధ్యాపక వృత్తే మీ లక్ష్యమైతే నేరుగా వెళ్లినా నష్టం లేదు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు బ్రేక్‌త్రూ (బెడ్ నిండి గ్యాసు అవతలికి బయటపడటం) ప్రయోగం పెట్టుకోండి. 2.5 సెంటీమీటర్ల వ్యాసం, 30 సెంటీమీటర్ల పొడవున్న గొట్టంలో 13ఎక్స్ గుళికలు సుమారు 95 గ్రాములు పడతాయి. నైట్రోజన్‌లో 10 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపి నిమిషానికి ఒక లీటరు చొప్పున పంపితే, గది ఉష్ణోగ్రతలో కార్బన్ డయాక్సైడ్ బయటపడటానికి ఇంచుమించు గంట పట్టాలి. మీకు ఐదు నిమిషాల్లోనే బయటపడితే సీసా మూత తెరిచి పెట్టారని అర్థం. జియోలైట్ అప్పటికే గాలిలోని తేమ తాగేసింది. పొడి నైట్రోజన్‌లో 300 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి. ముందూ వెనకా బరువు తూచి, బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ గాఢతను చూపే వక్రరేఖకు పైనున్న వైశాల్యంతో పోల్చి చూడండి. ఈ రెండూ 5 శాతం లోపు కలిస్తే ప్రయోగం నమ్మదగ్గది. అదే బెడ్‌ను లీనియర్ డ్రైవింగ్ ఫోర్స్ (గుళికలో ఇంకా ఎంత చోటు మిగిలిందో దాన్నిబట్టి పట్టే వేగాన్ని లెక్కించే) నమూనాతో పైథాన్‌లో రాయండి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ వాడటం వచ్చని రెజ్యూమేలో రాయడం కంటే, మీ లెక్క ఎక్కడ ప్రయోగంతో కలవలేదో, ఎందుకు కలవలేదో రెండు వాక్యాల్లో చెప్పడం ఇంటర్వ్యూ చేసేవాళ్లను ఎక్కువ ఆకట్టుకుంటుంది. అక్కడ సాధారణంగా మర్చిపోయేది వేడి. అధిశోషణంలో వేడి పుడుతుంది, ఐసోథర్మల్ (ఉష్ణోగ్రత మారదు) అనుకుంటే బ్రేక్‌త్రూ ఆలస్యంగా వస్తుందని లెక్క చెబుతుంది.

ఇష్టంలేని సంగతులూ ముందే తెలియాలి. కమిషనింగ్ ఉద్యోగంలో నెలల తరబడి సైటులో ఉండాలి, ఆపరేషన్స్‌లో రాత్రి షిఫ్టులు తప్పవు. ఇలా ఊళ్లు మారడం మీకు సరిపడకపోతే డిజైన్, సిమ్యులేషన్ వైపు చూసుకోండి.

ఇంటర్న్‌షిప్ మొదటి వారంలో మూడు కాగితాలు అడగండి: డ్రయర్ పైపింగ్ డ్రాయింగ్, టవర్లు మారే వరుస పట్టిక, గత ఏడాది డ్యూ పాయింట్ రికార్డు. ఆ పట్టిక చూసుకుంటూ ప్రతి వాల్వు దగ్గరా నిలబడి అది చెప్పిన క్షణానికే కదులుతోందో లేదో గడియారం పెట్టి చూడండి. షట్‌డౌన్‌లో టవర్ తెరిస్తే పై పొర నుంచి ఒక గుప్పెడు, కింది పొర నుంచి ఒక గుప్పెడు గుళికలు విడివిడి సీసాల్లో తెప్పించుకుని రంగు పోల్చండి. గాలి లోపలికొచ్చే వైపు గోధుమరంగు తిరిగి ఉంటే కంప్రెసర్ నూనె వస్తోంది. తెప్పించుకోమన్నాను, మీరు తల లోపలికి పెట్టమనలేదు. నైట్రోజన్‌కు వాసన లేదు, అది నిండిన టవర్లో ఒకటి రెండు ఊపిరులకే మనిషి స్పృహ తప్పుతాడు. ఆక్సిజన్ 19.5 శాతానికి తక్కువ చూపిస్తే పర్మిట్ ఉన్నవారు కూడా దిగరు.